గట్టు మీది తాడిచెట్లు

మా కోనసీమలో గాలికి బోలెడు పేర్లు. వేసవి సాయంత్రాలు సముద్రం వైపు నుంచి చల్లగా వచ్చేది పైరగాలి. మిట్టమధ్యాహ్నం పడమటి నుంచి ఒళ్లు కాల్చేది వడగాలి. చైత్ర వైశాఖాల్లో ఉన్నట్టుండి దుమ్ము లేపి, మామిడికాయలు రాల్చి, అరగంటలో తన దారిన తాను పోయేది గాలిదుమారం. కార్తీకంలో ముసురుతో కలిసి వచ్చేది ఈదురుగాలి. ఇవన్నీ ఇంట్లో మనుషుల్లాగే తెలిసిన గాలులు. ఆకాశం కేసి ఒకసారి చూసి, ఏది వస్తోందో, ఎంతసేపుంటుందో మా అమ్మ చెప్పేసేది.

అంతెందుకు, కళ్లంలో గాలి కోసం ఎదురుచూసేవాళ్లం. చేటతో నెత్తి మీంచి ధాన్యం జారవిడిస్తే గట్టి గింజ కాళ్ల దగ్గర పడేది, తాలూ పొల్లూ అవతలికి పోయేవి. గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలన్న సామెతకు అర్థం నాకు బడిలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అలాంటి గాలే పగబట్టినట్టు వస్తే ఎలా ఉంటుందో 1996 నవంబరు 6న చూశాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. దీపావళి ఇంకో నాలుగు రోజులుందనగా బాబుని తీసుకుని పుట్టింటికి వచ్చాను. మధ్యాహ్నానికే ఆకాశం మట్టిరంగుకి తిరిగింది. రేడియోలో తుఫాను హెచ్చరిక వస్తూనే ఉంది. కోనసీమ వాళ్లకి తుఫాను హెచ్చరిక కొత్తేమీ కాదు కదా, అమ్మ మామూలుగానే వంట చేసి పెట్టింది. చీకటి పడేసరికి కరెంటు పోయింది. ఆ తర్వాత గాలి అందుకుంది.

పెంకులు ఒక్కొక్కటిగా లేవడం మొదలుపెట్టి, కాసేపటికి గుప్పెళ్లతో విసిరినట్టు ఎగిరిపోయాయి. ఉత్తరం వైపు తలుపు గడియ ఊడేలా ఉంటే నాన్నగారు, మా తమ్ముడు దానికి వీపులు ఆనించి కూర్చున్నారు. బయట దబదబా చప్పుళ్లు. కొబ్బరికాయలు పడుతున్నాయో, చెట్లే పడుతున్నాయో తెలియడం లేదు. బాబుని ఒళ్లో పెట్టుకుని అమ్మా నేనూ ధాన్యం గాదె పక్కన నక్కాం.

ఎంతసేపటికో తెలీదు, గాలి చటుక్కున ఆగిపోయింది. ఎవరో మీట నొక్కినట్టు. వీధిలో మాటలు వినిపించాయి. టార్చిలైట్లు వేసుకుని జనం బయటికి వచ్చారు. తమ్ముడు తలుపు తీయబోతే నాన్నగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు. "సగమే అయిందిరా. మీ తాతగారు చెప్పేవారు, మధ్యలో ఇలా ఆగితే నమ్మకూడదని" అన్నారు. వీధిలోకి కేకేసి వాళ్లనీ లోపలికి పొమ్మన్నారు. ఆయన అన్నట్టే కాసేపటికి దక్షిణం వైపు నుంచి గాలి ఎత్తుకుంది. తుఫాను కన్ను మా మీదుగా వెళ్లిందని, కన్ను దాటగానే గాలి ఎదురుదిక్కు నుంచి వస్తుందని తర్వాత పేపర్లో చదువుకున్నాను. ఉత్తరపు గాలికి వేళ్లు కదిలిపోయిన చెట్లని ఆ దక్షిణపు గాలి ఒక్క తోపుతో పడగొట్టేసింది.

తెల్లారి తలుపు తీసి అరుగు మీదకొస్తే పక్క ఊరు కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మా అరుగు మీంచి పక్క ఊరి గుడిగోపురం కనిపించడం అదే మొదటిసారి. మధ్యలో ఉండాల్సిన తోటలు లేవు. దొడ్లోనూ గట్ల మీదా కలిపి మాకు 140 కొబ్బరిచెట్లుండేవి. లెక్కపెడితే 36 నిలబడ్డాయి. వాటిలోనూ కొన్నింటికి మొవ్వు విరిగిపోయింది. కొబ్బరిచెట్టు ప్రాణమంతా మొవ్వులోనే. అది పోతే మాను ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు, నిలువునా ఎండిపోతుంది.

మా ఇంటికి నష్టం చెట్లతో సరిపోయింది. ఆ రాత్రి సముద్రం పక్కనున్న ఊళ్లలో ఉప్పెన మనుషుల్నే తీసుకుపోయింది. జిల్లాలో వెయ్యిమందికి పైగా పోయారు. ఆ దీపావళికి మా ఊళ్లో ఒక్క టపాకాయ పేలలేదు.

కొబ్బరి సంగతి ఊరి వాళ్లకి తెలిసిందే, పట్నంలో పెరిగినవాళ్ల కోసం చెబుతున్నాను. బాగా కాసే చెట్టు నెలకో మట్ట, నెలకో గెల వేస్తుంది. పువ్వు నుంచి ముదురు కాయ కావడానికి ఏడాది పడుతుంది. అంటే ఎప్పుడు తలెత్తి చూసినా చెట్టు మీద ఏడాది రాబడి వరసగా వేలాడుతూ ఉంటుంది. పెద్ద గాలి వస్తే ఆ ఏడాదంతా ఒక్క రాత్రిలో రాలిపోతుంది. చెట్టే పడిపోతే మళ్లీ మొక్క పెట్టి, కాపు కోసం ఆరేడేళ్లు ఆగాలి. ఆ ఆరేడేళ్లూ పిల్లల ఫీజులు ఆగవు, పెళ్లిళ్లు ఆగవు.

అరటి సంగతి ఇంకోలా ఉంటుంది. అరటిచెట్టుకి అసలు మానే లేదు. మనం మాను అనుకునేది ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు డొప్పలు. పైన పాతిక కిలోల గెల, కింద నీళ్లు నిండిన డొప్పలు. గెల వేసిన చెట్టుకి వెదురు పోటు పెట్టేది అందుకే. కానీ దాని తెలివి దానికుంది. గాలి గట్టిగా వీస్తే ఆకు ఈనె నుంచి అంచు దాకా పీలికలుగా చీలిపోతుంది. చీలికల మధ్యనుంచి గాలి పోతుంది కాబట్టి చెట్టు మీద తోపు తగ్గుతుంది. విస్తరికి పనికిరాని ఆ చిరిగిన ఆకే ఒక్కోసారి చెట్టుని కాపాడుతుంది.

ఇక వరి. ఆ రోజు మా మూడున్నర ఎకరాల్లో స్వర్ణ, కోతకి రెండు వారాల దూరంలో ఉంది. కంకి బరువెక్కి, దుబ్బు తల వంచి ఉండే సమయం. సరిగ్గా గాలికి లోకువయ్యే సమయం కూడా అదే. గింజ పాలు పోసుకునేటప్పుడైతే కంకి తేలిక. కోసేశాకైతే భయమే లేదు. మధ్యలో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే మన తీరానికి తుఫానులు వస్తాయి. పూర్వం అక్కుళ్లు, ఆట్రగడలు వేసేటప్పుడు చేను మనిషి గుండె దాకా ఎదిగి, మామూలు ఈదురుగాలికే పడిపోయేదట. పొట్టి రకాలు వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణని గోదావరి రైతు అంతలా గుండెకి హత్తుకోవడానికి దాని దిగుబడితో పాటు పొట్టితనమూ ఓ కారణమే. కానీ ఆ రాత్రి గాలికి పొట్టీ పొడుగూ తేడా లేకపోయింది. చేను చేనంతా చాప పరిచినట్టు పడుకుంది.

నాన్నగారు నీళ్లలోకి దిగి ఒక కంకి తెంపి, అరచేతిలో నలిపి, గింజ పంటి కింద పెట్టి చూశారు. "గట్టిపడింది. లేపి కడదాం" అన్నారు. నీళ్లు పోవడానికి గట్లు తెగ్గొట్టాం. నాలుగేసి దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టాం. లీటరు నీటికి 50 గ్రాముల లెక్కన ఉప్పు కలిపి కంకుల మీద చల్లితే మొలక ఆగుతుందని వ్యవసాయాధికారులు చెబుతారు. ఆ వారం ఊళ్లో ఉప్పు దొరకలేదు. ఆరో రోజుకి అడుగున ఉన్న కంకులు మొలకెత్తాయి. మిగిలిన ధాన్యం రంగు మారింది. రంగు మారిన ధాన్యానికి వ్యాపారి చెప్పిందే ధర.

చాలా ఏళ్ల తర్వాత ఇంజినీరింగ్ చదువుతున్న మా బాబు గాలి లెక్క ఒకటి చెప్పాడు. గాలి వేగం రెట్టింపయితే దాని తోపు రెట్టింపవదట, నాలుగింతలవుతుందట. గంటకి 50 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 12 కిలోల బరువు మోపినట్టు తోస్తుంది. 100 కిలోమీటర్లయితే 48 కిలోలు. 150 అయితే 100 కిలోలు దాటిపోతుంది. వాడు కాగితం మీద వేసి చూపిస్తుంటే నాకు మా ఉత్తరపు తలుపు గుర్తొచ్చింది. రెండు చదరపు మీటర్ల తలుపు. ఆ రాత్రి గాలి 150 కిలోమీటర్లే అనుకున్నా, నాన్నగారు, తమ్ముడు వీపులతో ఆపింది దాదాపు మూడు బస్తాల ధాన్యం బరువు!

ఈ లెక్కలేవీ తెలియకుండానే నాన్నగారు ఒకటి గమనించారు. మా పొలం ఉత్తరపు గట్టు మీద తాతగారు వేసిన తాడిచెట్లు 14 ఉండేవి. కొబ్బరి అంతా కూలిన ఆ రాత్రి వాటిలో పడినవి రెండే. ఆ గట్టుని ఆనుకున్న మడిలో చేను వాలిందే గానీ మిగతా మడుల్లా నేలకి అంటుకుపోలేదు. ఆ మడి ధాన్యమే ఆ ఏడు మేము తిన్నది.

మరుసటి భాద్రపదంలో నాన్నగారు గోనెసంచెడు తాటి టెంకలు తెచ్చి ఉత్తరపు గట్టూ తూర్పు గట్టూ పొడుగునా పాతారు. అప్పటికి ఆయనకి 58 ఏళ్లు. తాడి కాపుకొచ్చేసరికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. "ఈ వయసులో తాడి వేస్తున్నారేంటండీ, ముంజెలు ఎవరు తింటారు?" అని ఊళ్లోవాళ్లు నవ్వితే, "ముంజెల కోసం కాదులే" అని ఊరుకునేవారు. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆ తాళ్లు ఇప్పుడు పాతిక అడుగులు దాటాయి.

గాలిని అడ్డుకునే చెట్ల వరస గురించి తర్వాత తర్వాత నేను కొంత చదివాను. చెట్టు ఎత్తుకి పది, పదిహేనింతల దూరం దాకా అవతలి పొలంలో గాలి జోరు తగ్గుతుందట. ఎకరం పొలం చదరంగా ఉంటే పక్క 209 అడుగులు. పాతిక అడుగుల చెట్ల వరస ఒక ఎకరం లోతు వరకూ కాస్తుందన్నమాట. ఇంకో విషయం ఏమిటంటే, అడ్డు మరీ గోడలా ఉండకూడదు. గోడ మీదకొచ్చిన గాలి ఎగిరి అవతల సుడులు తిరుగుతూ పడుతుంది. సగం గాలిని పోనిచ్చి సగం ఆపేదే మంచి అడ్డు. ఇది చదివి నవ్వుకున్నాను. ఒక వేసవి గాలిదుమారానికి మా ఎదురింటి వాళ్లు కొత్తగా కట్టిన ఒంటి ఇటుక ప్రహరీ కూలింది. దాని పక్కనే ఉన్న మా కొబ్బరాకు తడిక కొద్దిగా ఒరిగిందంతే.

అమెరికాలో 1930లలో ఇలాంటి పాఠమే నేర్చుకున్నారు. మధ్య మైదానాల్లో గడ్డినేలలన్నీ దున్నేసి గోధుమ వేశారు. వరసగా కరువొచ్చింది. పట్టుకునే వేరు లేక, ఆపే చెట్టు లేక పొలాల్లో పైమట్టి గాలికి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి పడేంత దుమ్ము లేచింది. రూజ్వెల్ట్ ప్రభుత్వం పొలాల వెంట చెట్ల వరసలు వేయించింది. 1942 నాటికి దాదాపు 22 కోట్ల మొక్కలు నాటారు. తర్వాత పెద్ద పెద్ద యంత్రాలు, పొలమంతా తిరుగుతూ నీళ్లు చల్లే గొట్టాలు వచ్చాక, అడ్డొస్తున్నాయని ఆ వరసల్ని చాలాచోట్ల వాళ్లే కొట్టేసుకున్నారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ కొట్టివేత మా గట్టు దాకా వచ్చింది.

పొలం వ్యవహారం మా తమ్ముడు చూస్తాడు. నాకూ వాటా ఉంది గానీ వాడి మాటే చెల్లుతుంది. వాడు చెడ్డవాడు కాదు, లెక్క తెలిసినవాడు. "అక్కా, కోత మిషను తిరగడానికి ఆ తాళ్లు అడ్డం. నీడపడి రెండు వరసలు సరిగా పండటం లేదు. మానుకి ఇంతని ధర ఇచ్చి పట్టుకుపోయేవాళ్లున్నారు. చుట్టూ అందరూ కొట్టేశారు, మనమొక్కళ్లం ఉంచుకుని ఏం బావుకుంటాం?" అన్నాడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. మా ఊరి పొలాల్లో సగం గట్లు ఇప్పుడు నున్నగా ఉన్నాయి. చేపల చెరువులైన చోట అసలు గట్టు మీద చెట్టనేదే లేదు. అరుగు మీంచి పక్క ఊరు మళ్లీ కనిపిస్తోంది. ఈసారి ఏ తుఫానూ రాకుండానే.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా ఊరికి దగ్గరే. గాలి 1996 నాటిది కాదు, గంటకి 100 కిలోమీటర్ల లోపే. అయినా వరి పడింది. ఆ తర్వాత ఊరెళ్లి, తమ్ముడూ నేనూ పొలం చూసొచ్చాం. మా పొలం కౌలుకి చేసే ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, నాన్నగారి కాలం నుంచీ మా దగ్గరే చేస్తున్నాడు.

"తాళ్ల పక్క మడులు నిలబడ్డాయండి. దిగువ ఎకరం పడిపోయిందండి" అన్నాడు.

తమ్ముడు చెట్లు కొట్టించే మాట ఎత్తాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయిగారూ, నీడ కింద రెండు వరసలు పోతే పోనివ్వండి. నిలబడ్డ చేనైతే మిషను గంటలో కోసేస్తదండి. పడిన చేనుకి రెండు గంటలు తిరగాలి, గంటకింతని లెక్క. అది నా జేబులోంచే కదండీ. గింజ రాలిపోయేదీ నాదే. మక్తా బస్తాలు మాత్రం తగ్గవు కదండీ" అన్నాడు.

ఆ మాటకి తమ్ముడి దగ్గరా సమాధానం లేదు, నా దగ్గరా లేదు. గాలి అందరి పొలం మీదా ఒక్కలాగే వీస్తుంది. పడిన చేను నష్టం మాత్రం ఒక్కడి మీదే పడుతుంది. మా కోనసీమలో పొలం యజమాని ఒకరు, దున్నేవారు ఇంకొకరు కావడం మామూలు. 1996లో మా పొలం మేమే చేసుకునేవాళ్లం కాబట్టి చేను పడితే నాన్నగారి నిద్ర పోయింది. ఇప్పుడు చేను పడితే నేను టీవీలో చూసి "అయ్యో" అంటాను, సంక్రాంతికి నా వాటా బస్తాల డబ్బు నాకొచ్చేస్తుంది. పైగా నష్టపరిహారం రాయించుకోవాలన్నా కాగితం కావాలి. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకి కార్డు ఇమ్మంది, కాకపోతే యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలంది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని పెట్టనివాళ్లే ఎక్కువ.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కా తమ్ముళ్లం చాలాసేపు మాట్లాడుకున్నాం. గొంతులు కూడా కాస్త పెరిగాయి. "నీకేం, నువ్వు కాకినాడలో ఉంటావు. ఊళ్లో మాట పడేది నేను" అన్నాడు వాడు. అదీ నిజమే. చివరికి మా మరదలే దారి చెప్పింది. మిషను లోపలికి రావడానికి మూలన మూడు చెట్లు తీస్తే చాలు కదా, మొత్తం ఎందుకని. తూర్పు గట్టు, ఉత్తరపు గట్టు ఉంచేట్టు ఒప్పందం కుదిరింది. తాడి ఎదిగేకొద్దీ కింద మాను బోసిపోయి గాలి దూరుతుంది కాబట్టి, మధ్యమధ్యలో గిరిపుష్పం కొమ్మలు పాతాలనుకున్నాం. దాని ఆకు ఎలాగూ పచ్చిరొట్ట ఎరువుగా పనికొస్తుంది. తుఫానుకి చేను పడితే ఆ పంటకి మక్తా సగమే. కౌలు కార్డు కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాం. పెట్టేటప్పుడు తమ్ముడు రెండుసార్లు చదివాడు, ఫర్వాలేదు, పెట్టాడు.

ఇంకో సంగతి కౌలు ఆయనే చెప్పాడు. స్వర్ణకి నారు పోసిన దగ్గర్నుంచి కోత దాకా సుమారు 150 రోజులు. జూన్ మొదటివారంలో కాలవ నీళ్లందితే, ఆలస్యం లేకుండా నాట్లు పడితే, నవంబరు మొదటి వారానికి కోతలైపోతాయి. పదిహేను, ఇరవై రోజులు ఆలస్యమైతే సరిగ్గా తుఫానుల నోట్లో పడతాం. రైతులు ఏటా కాలవ నీళ్లు ముందే వదలమని, మురుగు కాలవలు బాగుచేయమని అడిగేది ఇందుకే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడూ ఈ మురుగు బాధ అందులో ఉంది. గాలిని ఎవరూ ఆపలేరు గానీ, అది వచ్చేసరికి ధాన్యం ఇంటికి చేరేట్టు చూడటం మనుషుల చేతిలో పనే.

గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అంటారు. పోయిందాన్ని దేవుడికి ఇచ్చామనుకుంటే మనసు తేలికపడుతుంది, కాదనను. కానీ పోయేది ఎవరి పేలపిండో ఒకసారి చూసుకోవాలి. మీకూ ఊళ్లో రెండెకరాలుండి, ఎవరికో కౌలుకిచ్చి, పట్నంలో ఉంటున్నారనుకోండి. ఈసారి వెళ్లినప్పుడు గట్టు మీద ఏముందో చూడండి. చెట్లుంటే ఉండనివ్వండి. లేకపోతే భాద్రపదంలో నాలుగు తాటి టెంకలు పాతి రండి. వాటి పక్కన కూర్చున్న మనిషిని పోయిన తుఫానుకి ఏం పోయిందని అడగండి. మా గట్టు మీద గిరిపుష్పం కొమ్మలు చిగురేశాయని నిన్న తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. మూలన తీయాల్సిన మూడు చెట్లలో రెండే తీయించాడట. మూడోది అడ్డం రావడం లేదన్నాడు.